చావింట చదివింపులు

నూజివీడు,
ఫిబ్రవరి

బుజ్జులూ,

నిన్ను మెర్సీ అని పిలవడం నాకు ఇప్పటికీ చేతకాదు. హాస్టలు సెలవులకి మా సౌజన్య వెంట మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు బుజ్జులు అన్నాను, అదే ఉండిపోయింది. ఫోన్లో నీ గొంతు వినగానే పక్కనే దాని గొంతు కూడా వినపడుతుందేమోనని చూస్తాను, ఇక మాట రాదు. అందుకని కాయితం మీద రాస్తున్నాను. ఐదో తరగతి చదువు నాది, తప్పులుంటే సర్దుకో. నువ్వు కూడా కాయితం మీదే రాయి. మెల్లిగా రెండుసార్లు చదువుకుంటాను.

మొన్న మీ బాబాయీ నేనూ యూనివర్సిటీకి వెళ్ళొచ్చాం. సౌజన్య మామిడిని పాడుచేసే పండు ఈగ మీద రాసిన థీసిస్ పుస్తకం అప్పజెప్పేసింది కదా, చివర్లో ఉండే ఆ ఇంటర్వ్యూ ఒక్కటే మిగిలింది, అంతలో డెంగీ వచ్చి పిల్ల పోయింది. పోయినవాళ్ళకి కూడా డాక్టరేటు పట్టా ఇచ్చే రూలు ఉందని నువ్వే చెప్పావు. నువ్వు రాసిచ్చిన అర్జీ ఇచ్చాం. కమిటీలో పెద్దాయన మర్యాదగానే కూర్చోబెట్టాడు, టీ తెప్పించాడు. కంప్యూటర్లో పిల్ల పేరు కొట్టాడు. ఏమీ రాలేదు. మామిడి, పండు ఈగ అని కొట్టాడు. బోలెడు వచ్చాయి, ఒక్కటీ దానిది కాదు.

"అమ్మా, మీ అమ్మాయి చెప్పిన సంగతే విదేశాలవాళ్ళు రాశారు, ఇదిగో, అన్నిటికన్నా పైనుంది. వందల మంది దీని పేరు చెప్పుకున్నారు. మరి మీ అమ్మాయి కొత్తగా కనిపెట్టింది ఏంటి?" అన్నాడు.

ఆ వ్యాసం ఏ సంవత్సరానిదండీ అని అడిగాను. చెప్పాడు. దానికి రెండేళ్ళ ముందే మా పిల్ల ఇక్కడి కృష్ణమూర్తి గారి మామిడి తోటలో ఈగల డబ్బాలు కట్టింది. చెట్టెక్కి కట్టింది నేను, కింద నిచ్చెన పట్టుకుంది మీ బాబాయి. ఎర పెట్టిన డబ్బాలు తోట మధ్యలో కాకుండా చుట్టూ గట్టు వెంట ఉన్న చెట్లకి కడితే సగం డబ్బాలతోనే పని జరుగుతుందని అది రాసింది. వాళ్ళకన్నా ముందే అచ్చయింది కూడా. ఆ సంచిక సంచిలోంచి తీసి ఇచ్చాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది తెలుగులో ఉందమ్మా, ఇందులో కనపడదు" అన్నాడు. చేతిలో పట్టుకునే కనపడదంటున్నాడు. ఏం చెప్పాలి అట్లాంటి మనిషికి?

బస్సులో ఇంటికొచ్చేదాకా నేను మీ బాబాయి మీద విసుక్కుంటూనే ఉన్నాను, ఆయన చేసిందేమీ లేకపోయినా. వెనక రాసినవాళ్ళు ఘనులు, ముందు రాసింది మాత్రం వాళ్ళని చూసి రాసిందా?

నాకు ఇంకేం అక్కర్లేదు. పట్టాలిచ్చే రోజున అంతమందిలో దాని పేరు పిలవాలి, అది నా చెవులతో నేను వినాలి. ఆ కంప్యూటర్లో దాని పేరు రావాలంటే ఏం చెయ్యాలో రాయి.

మీ పిన్ని,
కృష్ణవేణి


బెంగుళూరు,
మార్చి

పిన్నీ,

నీ ఉత్తరం ల్యాబులో చదివాను. మా గైడు గారు ఏమైందమ్మా అని అడిగారు, కంట్లో ఏదో పడిందన్నాను.

నువ్వు అడిగింది చెప్తాను. ఆ వెతికే యంత్రం లోకంలో ఉన్న అన్ని పత్రికలూ తిరగెయ్యదు. ఎక్కువగా ఇంగ్లీషువి, పెద్ద సంస్థలు వేసేవి చూస్తుంది. మన జిల్లాలో చిన్న సంఘం అచ్చేసిన తెలుగు సంచిక దాని కంట్లో పడదు. ఇంగ్లీషులో కూడా ఒకటి రాయవే అని నేను సౌజన్యతో గొడవపడ్డాను. "చదవాల్సింది ఇక్కడి రైతులైతే ఇంగ్లీషులో ఎవరికోసమే, ఈగలకా?" అంది. దానితో ఎవరు నెగ్గారు గనక.

దాని వ్యాసాన్ని నేను స్కాన్ చేసి, ముందు ఒక పేజీ ఇంగ్లీషులో సారాంశం రాసి నెట్లో పెట్టాను. ఇప్పుడు పేరు కొడితే వస్తుంది. కానీ పండు ఈగ అని కొడితే చాలా పేజీల వెనక వస్తుంది, అంత వెనక్కి ఎవరూ వెళ్ళరు. ముందుకి రావాలంటే వేరేవాళ్ళు తమ వ్యాసాల్లో దీని పేరు చెప్పాలి. దాన్ని సైటేషన్ అంటారు. ఎన్ని ఉంటే అంత పైకి. మన పెళ్ళిళ్ళలో చదివింపులు ఉంటాయి చూడు, అట్లాంటిదే అనుకో. ఫలానావారు చదివించారు అని పేరు పెట్టి పిలుస్తారు. ఎక్కువమంది చదివిస్తే ఆ ఇంటికి గొప్ప. ఎవరింట్లో ఎవరు చదివించారో గుర్తుపెట్టుకుని తిరిగి చదివిస్తారు.

కమిటీ మళ్ళీ అక్టోబరులో కూర్చుంటుంది. ఆ విదేశాలవాళ్ళకి నేను రాస్తాను.

నీ
మెర్సీ


నూజివీడు,
మే

బుజ్జులూ,

కోతలు మొదలయ్యాయి. పగలంతా షెడ్డులో కాయ గ్రేడు చెయ్యడం, సాయంత్రం నడుము పట్టేయడం. అందుకే ఆలస్యమైంది.

నువ్వు చెప్పినట్టు ఫోన్లో వెతికాను. పక్కింటావిడ పండు ఈగ అని ఇంగ్లీషులో కొట్టి ఇచ్చింది. పేజీలు జరిపీ జరిపీ వేలు నొప్పెట్టింది కానీ మన పిల్ల రాలేదు. ఈలోగా చార్జింగు అయిపోయింది. ఆవిడ మొహమాటపడి, రేపు చూద్దాంలే వదినా అంది. ఆ రేపు ఇంకా రాలేదు.

నాకు ఒకటి అర్థం కాలేదు, నువ్వు చదువుకున్నదానివి చెప్పు. పైనున్నదాన్నే చూస్తారు. చూసినదాన్నే చెప్పుకుంటారు. చెప్పుకున్నదాన్నే మళ్ళీ పైన పెడతారు. మరి అడుగున ఉన్నది పైకొచ్చేది ఎప్పుడు? ఇదంతా ఎవరో తెలివైనవాళ్ళు కూర్చుని చేశారా, లేకపోతే ఎవరూ చూడనప్పుడు దానంతట అదే అయిందా? షెడ్డులో మేం కాయని చేత్తో పట్టుకుని చూసి వేస్తాం, కిందటేడు ఆ తోట కాయ ఎంత పలికిందో చూసి వెయ్యం. ఈ మాటే మీ బాబాయితో అంటే నవ్వాడు.

"కృష్ణమూర్తి గారి తోట బండి వస్తే నువ్వు కాయ చూడకుండానే పెద్ద గ్రేడులో పడెయ్యట్లేదా?" అన్నాడు.

వేస్తాను. నిజమే. కానీ నాకు చెంప మీద కొట్టినట్టయింది. నేను చేస్తే షెడ్డులో ఒక పెట్టె అటూ ఇటూ అవుతుంది, అంతే. వాళ్ళు చేస్తే నా బిడ్డ పట్టా పోతుంది.

చదివింపులు అన్నావు కదా, ఆ మాట పట్టుకుని నేను ఒకటి ఆలోచిస్తున్నాను. నీకు ఇప్పుడు చెప్పను. నువ్వు వద్దంటావు.

మీ పిన్ని,
కృష్ణవేణి


బెంగుళూరు,
జూన్

పిన్నీ,

విదేశాల నుంచి జవాబు వచ్చింది. చాలా మర్యాదగా రాశారు. మేము వెతికినప్పుడు ఇంతకుముందు ఎవరూ చేసినట్టు కనపడలేదు, ఇకముందు రాసేటప్పుడు మీ స్నేహితురాలి వ్యాసాన్ని తప్పక చెప్తాం, ఆమె పోయినందుకు విచారిస్తున్నాం అన్నారు. అచ్చయిపోయినదాన్ని మాత్రం మార్చరంట. అబద్ధం ఆడుతున్నారని నేను అనుకోవడం లేదు. నిజంగానే కనపడలేదు వాళ్ళకి. అదే నాకు ఇంకా ఒళ్ళుమంట. దొంగలైతే తిట్టడానికైనా ఉండేది.

నువ్వు ఏం ఆలోచిస్తున్నావు? ఏదైనా చేసేముందు నాకు ఒక్క మాట చెప్పు పిన్నీ. చదివింపులని నేను ఊరికే పోలిక చెప్పాను.

నీ
మెర్సీ


నూజివీడు,
సెప్టెంబరు

బుజ్జులూ,

సంవత్సరీకం అయింది. నీకు సెలవు దొరకలేదని నేనేమీ అనుకోలేదు. ఇప్పుడు చెప్తాను విను నేనేం చేశానో.

చుట్టాలందరి ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకీ ఓణీల ఫంక్షన్లకీ మేం వెళ్ళి చదివించాం. మా ఇంట్లో పెళ్ళయినప్పుడు వాళ్ళొచ్చి చదివిస్తారు, అది ఎక్కడైనా ఉన్నదే. సౌజన్య పెళ్ళి జరగలేదు. ఇక జరగదు. అందుకని సంవత్సరీకానికి వచ్చేవాళ్ళందరికీ ముందే కబురు పెట్టాను. బట్టలు తేవద్దు, పూలదండలు తేవద్దు, మీ ఇంట్లో చదువుకునే పిల్లలుంటే కాలేజీలో రాసే ప్రాజెక్టులో మా అమ్మాయి వ్యాసం పేరు రాయించండి, అదే మీ చదివింపు అన్నాను.

మీ బాబాయి వద్దన్నాడు. "చావింట చదివింపులేంటే, జనం ఏమనుకుంటారు?"

"పెళ్ళింటికి ఎట్లాగూ పిలవలేం కదా," అన్నాను. ఆయనే వెళ్ళి బాపులపాడు, ఉంగుటూరు చుట్టాలకి చెప్పొచ్చాడు.

డిగ్రీలో దానికి పాఠం చెప్పిన సత్యనారాయణమూర్తి మాస్టారు వచ్చారు. ఫొటో ముందు కాసేపు నిలబడి, నా క్లాసు పిల్లలందరిచేతా రాయిస్తానమ్మా అన్నారు. రాయించారు. అందరివీ నెట్లో పెట్టించారు. బాపులపాడు ఆడపడుచు కూతురు ఫార్మసీ చదువుతోంది, అదీ రాసింది. ఉంగుటూరులో మా చెల్లెలి కొడుకు చందు బ్యాంకు లోన్ల మీద ప్రాజెక్టు రాస్తున్నాడు, వాడు అందులో పండు ఈగని ఇరికించాడు. ఎట్లా ఇరికించావురా అంటే, "లోను తీసుకున్న రైతు తోటలో ఈగ పడితే వాయిదా కట్టలేడు కదా పెద్దమ్మా" అన్నాడు. నవ్వొచ్చింది నాకు. పిల్ల పోయాక అదే మొదటిసారి నవ్వడం. నవ్వి, లోపలికెళ్ళి కూర్చున్నాను.

మొన్న మాస్టారు తన ఫోన్లో చూపించారు. సౌజన్య పేరు మొదటి పేజీలోకి వచ్చింది, ఆ విదేశాలవాళ్ళకి కాస్త కింద. వేలితో ముట్టుకుంటే తెర కదిలి పేరు పోయింది. కంగారుపడ్డాను. ఆయన మళ్ళీ తెచ్చిపెట్టారు.

ఇప్పుడు కొట్టి చూడమను కమిటీవాళ్ళని.

మీ పిన్ని,
కృష్ణవేణి


బెంగుళూరు,
సెప్టెంబరు

పిన్నీ,

ఉత్తరం అందింది. చందు మాట చదివి నేనూ నవ్వాను. మాస్టారికి నా నమస్కారాలు చెప్పు.

ఇక్కడ ఒకటే వానలు. రోడ్లన్నీ నీళ్ళు, నిన్న ల్యాబు నుంచి చెప్పులు చేతిలో పట్టుకుని వచ్చాను. అక్కడ పడుతున్నాయా? బాబాయి మోకాలి నొప్పి ఎట్లా ఉంది?

కమిటీ గురించి మరీ ఆశ పెట్టుకోకు. ఇంకెవరిచేతా రాయించకు, చాలు.

నీ
మెర్సీ


నూజివీడు,
నవంబరు

మెర్సీకి,

మొన్న మాస్టారు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు. లోపలికి రండి అంటే రాలేదు. యూనివర్సిటీ నుంచి ఆయన కాలేజీకి సంజాయిషీ అడుగుతూ కాయితం వచ్చింది. ఒకే ప్రాంతం నుంచి, ఒకే వారంలో, ఇంతమంది ఒకే పేరు రాయడం మోసం కింద లెక్కంట. ఆ యంత్రమే పట్టేసి, పిల్ల పేరు పక్కన అనుమానమని గుర్తు పెట్టి, వెనక్కి నెట్టేసిందంట. కమిటీ అది చూసి పట్టా ఇవ్వం అని తేల్చేసిందంట. ఇదంతా అయ్యాక, ఆ యంత్రం గుర్తు పెట్టిన సంగతి నీకు సెప్టెంబరులోనే తెలుసని మాస్టారు చెప్పారు. నువ్వే ఆయనకి ఫోన్ చేసి, ఆ ప్రాజెక్టులు నెట్లోంచి తీయించెయ్యండి అన్నావంట.

నాకు మాత్రం వానల గురించి రాశావు. బాబాయి మోకాలి గురించి అడిగావు.

రెండు రోజులు అన్నం సయించలేదు. అది బతికుండగా ఎవరి కాపీ చూసి ఒక్క ముక్క రాసిన పిల్ల కాదు. పోయాక దాన్ని దొంగని చేశారు. ఆ పని నా చేత్తో జరిగింది.

వెళ్ళిపోతున్న మాస్టారిని ఆపి, ఆ విదేశాలవాళ్ళ వ్యాసాన్ని చెప్పుకున్నవాళ్ళ పేర్లు చదివించుకున్నాను. చదువుతుంటే విన్న పేరే మళ్ళీ విన్నట్టుంది. ఆపి అడిగితే, అవునమ్మా, వాళ్ళల్లో వాళ్ళే చాలామంది అన్నారు. వీళ్ళు వాళ్ళని చెప్తారు, వాళ్ళు వీళ్ళని చెప్తారు, ఇద్దరూ కలిసి ఇంకొకర్ని చెప్తారు. మరి అవేంటి? చదివింపులు కావా? వాళ్ళవి గౌరవం, మావి మోసమా? వాళ్ళ పక్కన ఆ గుర్తు ఎందుకు లేదు? ఈ ఒక్కదానికి జవాబు రాయి. రాయలేకపోతే వానల గురించి మాత్రం రాయొద్దు.

కృష్ణవేణి


బెంగుళూరు,
నవంబరు

పిన్నీ,

మెర్సీకి అని రాశావు. కవరు మీదే కాకుండా లోపల కూడా అట్లా చూడటం ఇదే మొదటిసారి.

పిల్ల పోయాక మొదటిసారి నవ్వానని రాశావు ఆ ఉత్తరంలో. దాన్ని ఎదురుగా పెట్టుకుని, పేరు వెనక్కి నెట్టేశారు పిన్నీ అని ఎట్లా రాయను? కమిటీ కూర్చునేలోపు సరిచేయించగలననుకున్నాను. నేను వెళ్ళి కమిటీవాళ్ళతో మాట్లాడాను. కాలేజీ పిల్లలు అభిమానంతో చేశారు, సౌజన్యకి దీంతో సంబంధం లేదు, వ్యాసం తీసి చదవండి అన్నాను. ఒకాయన చదివాడు కూడా. బాగుందన్నాడు. కానీ గుర్తు ఉన్న పేరుకి పట్టా ఇస్తే రేపు మమ్మల్ని అడుగుతారమ్మా అన్నాడు. సౌజన్య పని మీద కొత్తగా ఏదైనా వస్తే మళ్ళీ అర్జీ పెట్టుకోమన్నారు.

నువ్వు అడిగినదానికి జవాబు: అవీ చదివింపులే. కాకపోతే వాళ్ళు నాలుగు దేశాల్లో ఉండి ఏళ్ళ తరబడి నెమ్మదిగా చదివిస్తారు. యంత్రానికి అది మామూలుగా కనిపిస్తుంది. మనవాళ్ళు ఒక్క ప్రాంతంలో ఒక్క వారంలో చదివించారు, అది వింతగా కనిపించింది. న్యాయం కాదు. నాకు కూడా ఇంతకన్నా చెప్పడం చేతకాదు.

ఇంకొకటి ఉంది. ఇదీ దాచాలనుకున్నాను, కానీ ఇక నీ దగ్గర ఏదీ దాచను. ఆ ప్రాజెక్టులన్నీ నేను కూర్చుని చదివాను. అందరూ ఒకే వాక్యం దింపారు, సౌజన్య గారు ఇట్లా కనుగొన్నారు అని. ఒక్క పిల్ల మాత్రం సౌజన్య చెప్పింది తప్పని రాసింది. పేరు అనూష, ఊరు చాట్రాయి, మాస్టారి క్లాసు పిల్లే. వాళ్ళ నాన్న కృష్ణమూర్తి గారి తోట చూసి వేసవిలో తన తోటలోనూ డబ్బాలు గట్టు వెంట కట్టాడంట, ఈగ తగ్గకపోగా ఎక్కువైందంట. యంత్రం ఒకేలా ఉన్న మిగతావన్నీ తీసేసి ఆ ఒక్కదాన్నీ ఉంచింది. ఇప్పుడు సౌజన్య వ్యాసం కింద సైటేషన్ ఒకటి అని ఉంది. అది ఈ అనూషది.

కోప్పడతావని తెలుసు.

నీ
మెర్సీ


నూజివీడు,
జనవరి

బుజ్జులూ,

కోప్పడ్డాను. నీ ఉత్తరం చదివిన మర్నాడే బస్సెక్కి చాట్రాయి వెళ్ళాను, ఆ పిల్లని కడిగేద్దామని. దారంతా ఏమేం అనాలో కూడబలుక్కున్నాను.

తోటలోనే దొరికింది. చిన్నపిల్ల, జడ కూడా సరిగ్గా వేసుకోలేదు. నేనెవరో చెప్పగానే భయపడిపోయి మంచినీళ్ళు తెచ్చింది. తాగలేదు నేను.

"చచ్చిపోయినదాన్ని తప్పంటావా? మా అమ్మాయి రెండు వేసవులు కళ్ళతో చూసి రాసింది," అన్నాను.

"నేనూ కళ్ళతో చూసే రాశానండీ," అంది. మాట వెనక్కి తీసుకోలేదు. రండి అని చెయ్యి పట్టుకుని గట్టు దగ్గరికి తీసుకెళ్ళింది. అవతల జామ తోట ఉంది. ఇవతల గట్టున ఎర డబ్బాలు కడితే జామ తోటలో ఈగలన్నీ ఇటే వచ్చాయంట. వచ్చినవన్నీ డబ్బాలో పడవు కదా, మిగిలినవి కాయ మీద వాలాయి. వాళ్ళ నాన్న ఆ వరసలో కాయ ఒక్కటీ అమ్మలేకపోయాడు.

తర్వాత ఆ పిల్ల నన్ను అడిగింది, కృష్ణమూర్తి గారి తోట పక్కన ఏముందండీ అని. ఒకవైపు వరి చేలు, ఇంకోవైపు రోడ్డు అన్నాను. రోడ్డు వైపు డబ్బాల్లో ఎక్కువ పడేవా, వరి వైపా అంది. కోసిన కాయ కుప్ప ఎక్కడ పోసేవాళ్ళు అంది. నాకు గుర్తున్నవి చెప్పాను, కొన్ని గుర్తులేవు. రాసుకుంటూ రాసుకుంటూ ఆగి, "అక్క ఉంటే అడిగేదాన్ని" అంది.

అప్పుడు నేను గట్టు మీద కూర్చుండిపోయాను బుజ్జులూ. ఇన్నాళ్ళుగా నా దగ్గరికి వచ్చినవాళ్ళందరూ అయ్యో మంచి పిల్ల అన్నారు, తెలివైన పిల్ల అన్నారు, ఎంత పని జరిగింది అన్నారు. అది ఏం చెప్పిందో ఒక్కరూ అడగలేదు. నేను చదివింపులు అడిగి తెచ్చుకున్నాను, వాళ్ళు కూడా అడగకుండానే రాసి పారేశారు. కమిటీవాళ్ళు అడగలేదు, ఆ యంత్రం అడగలేదు. ఈ పిల్ల ఒక్కతే దానితో దెబ్బలాడుతోంది. బతికున్నదానితో దెబ్బలాడినట్టే దెబ్బలాడుతోంది. నేను తిట్లన్నీ మర్చిపోయాను. వాళ్ళమ్మ అన్నం పెడితే తిని, చీకటి పడకముందు బస్సుకి వచ్చేశాను.

ఇప్పుడు ఆ పిల్లకి జవాబు చెప్పాలి. సౌజన్య లేదు, నాకు రాదు. నువ్వే చెప్పాలి. కాయ దిగే వేళకి సెలవు పెట్టుకుని రా, ఈసారి దొరకలేదనొద్దు. కృష్ణమూర్తి గారిని నేను అడిగాను, సరే అన్నారు. చాట్రాయి వాళ్ళూ సరే అన్నారు. రెండు తోటల్లోనూ కట్టి చూడండి మీ ఇద్దరూ. సౌజన్య చెప్పింది ఎక్కడ తప్పో అక్కడ తప్పని రాయి, నా మొహం చూసి తగ్గించి రాయకు. ఎక్కడ రైటో అక్కడ గట్టిగా రాయి. ఆ అనూష పేరు కూడా పెట్టు. తెలుగులో ఒకటి రాసి, ఆ గుడ్డి యంత్రానికి కనపడేలా ఇంగ్లీషులో ఇంకోటి తగలెయ్యి, ఏం చేస్తాం. ఆ తర్వాత అర్జీ పెడదాం. ఇస్తే వెళ్ళి వింటాను. ఇవ్వకపోతే మళ్ళీ ఏడు మళ్ళీ పెడతాను, వాళ్ళకి టీ ఖర్చు.

మాస్టారి ఇంటికి వెళ్ళి తప్పయిందండీ అన్నాను. ఆయన సంజాయిషీ రాసిచ్చారంట, హెచ్చరించి వదిలేశారంట. మళ్ళీ ఇంటికి వస్తున్నారు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. బుగ్గలు లోపలికి పోయాయి. ల్యాబు ఎక్కడికీ పోదు. రోజూ వేళకి ఇంత అన్నం వండుకుని, కడుపునిండా తిను.

మీ పిన్ని,
కృష్ణవేణి